మూడో వేసవి పైరు

పెద్దయ్య మేకలు సుబ్బరత్నమ్మ పెరట్లో నుంచి నడవడం మొదలుపెట్టి రెండు వేసవులు దాటాయి. మూడో వేసవి కూడా నడిస్తే ఇక అది పెరడు కాదు, దారి.

గుండ్లపాయలో అది తాతల నాటి కట్టుబాటు. శివరాత్రి నుంచి ఏరువాక దాకా పైరు లేని నేల ఎవరిదైనా సరే, జీవాలకు అడ్డం చెప్పకూడదు. పైరు లేని నేలకు ముళ్లకంప కూడా అడ్డం వేయకూడదు. వరసగా మూడు వేసవులు మంద నడిచిన నేల మంద బాట అయిపోతుంది. ఆ తర్వాత దాని మీద గోడ లేపినా, గుంజ పాతినా ఊరు ఒప్పుకోదు. కర్నూలు రాజధానిగా కొత్త రాష్ట్రం వచ్చింది, అక్కడి నుంచి ఆఫీసర్లు జీపుల్లో వచ్చి పంచాయతీలంటూ ఏవో చెప్పి పోయారు, కానీ మేక నడక విషయంలో గుండ్లపాయ చట్టం గుండ్లపాయదే.

సుబ్బరత్నమ్మకు ఆ పెరడు తప్ప సొంత మట్టి లేదు. మొగుడు గురుస్వామి మార్కాపురం పలకల గనిలో కూలి. పక్షానికోసారి ఇంటికి వస్తాడు. ఇల్లు అయితే రెండు గదులు, పెరడు మాత్రం ఇంటికి నాలుగింతలు. వానాకాలంలో చిక్కుడు, వంగ, గోగాకు కాసేది. వేసవి వస్తే ఎండిపోయేది. ఎండిన మరునాడే పెద్దయ్య మంద దిగేది. నీళ్లకు వాగు గుండానికి పోవాలంటే మంద గుట్ట చుట్టూ తిరగాలి. ఈ పెరట్లో నుంచి పోతే పది అడుగులు. పెద్దయ్య ఊరికి పెద్ద, ఇప్పుడు పంచాయతీ ప్రెసిడెంటు కూడా. ఆయన మేకలకు చుట్టుదారి అంటే ఆయనకు నామోషీ.

"నడిచే మేక ఏం తింటాది కోడలా, గాలి తింటాది," అన్నాడాయన మొదటి వేసవిలో.

రెండో వేసవికి ఆ గాలి తినే మేకలు ఆమె మునగ చెట్టు బెరడు ఒలిచాయి, గోగు మోళ్లు పీకాయి, ఆరేసిన చీర అంచు కొరికాయి. ఆమె కర్ర పట్టుకుని అడ్డం నిలబడితే పెద్దయ్య నవ్వాడు. "వచ్చే ఏటితో మూడు. ఆ తర్వాత నువ్వు మా బాటలో నిలబడుకున్నట్టు లెక్క. జరగమంటా."



పుష్య మాసంలో మొగుణ్ణి రైలెక్కించడానికి గిద్దలూరు పోయింది. ప్లాట్‌ఫారం చివర, కంకర రాళ్ల మధ్య, మనిషి కంటే ఎత్తున నిలబడి ఉన్నాయి మొక్కలు. ఒక్కొక్క దానికి చేటంత పువ్వు. అక్కడ మట్టి కూడా సరిగా లేదు. ఇంజనుకు నీళ్లు పట్టే గొట్టం కారి ఆ నాలుగు చుక్కలు వాటి మొదట్లోకి పోతున్నాయి.

చీపురు పట్టుకుని ఆ పక్కనే ఊడుస్తున్నావిడ చాంద్‌బీ. స్టేషన్లో పని చేసే పీర్ సాహెబ్ భార్య.

"ఇవి ఎండలకు నిలుస్తాయా అక్కా?" అడిగింది సుబ్బరత్నమ్మ.

"ఇంజను పొగకే చావలేదు, ఎండకు చస్తాయా? నీళ్లు మాత్రం ఆకులకు కాదు, కాళ్లకు పొయ్యాలె. కడుపు నింపొద్దు, గొంతు తడిపితే చాలు."

"తినేటందుకు పనికొస్తాయా?"

చాంద్‌బీ ఎండిన పువ్వు ఒకటి వంచి, అరచేత్తో రుద్దింది. నల్లచారల గింజలు రాలాయి. ఒకటి పంటి కింద పగలగొట్టి పప్పు చూపించింది. "మా ఆయన బండి వచ్చేదాకా ఇవే నములుతుంటాడు. చిలకలు తింటాయి. పిండితే నూనె వస్తాదంటారు. ఇంకేం కావాలె?"

సుబ్బరత్నమ్మ కొంగు పట్టింది. చాంద్‌బీ రెండు పువ్వుల గింజలు దులిపి పోసింది.

గురుస్వామి రైలు కిటికీలో నుంచి చూశాడు. "ఏందే అది? పూల తోట పెడతావా?"

"పెరట్లో వేస్తా. శివరాత్రికి మొలక కనబడితే అది పైరు నేల. కంప వేసుకోవచ్చు."

"పెద్దయ్య మామతో పెట్టుకోబాక రత్నా. నేనుండేది మార్కాపురంలో."

"నువ్వుండేది మార్కాపురంలో. నేనుండేది పెరట్లో," అందామె. రైలు కదిలింది.

మాఘం మొదట్లో పెరడు తవ్వింది. పేడ ఎరువు కలిపింది. గింజలు రాత్రంతా నానబెట్టి, వేలి కణుపు లోతున గుంటకు రెండు చొప్పున నాటింది. స్నానాల దగ్గర పారే నీళ్లకు, గిన్నెలు కడిగే నీళ్లకు కాలువ తీసి సాళ్ల వైపు తిప్పింది. మొలక లేచినప్పుడు గింజ పొట్టు ఇంకా నెత్తిన పెట్టుకునే వచ్చింది, టోపీ పెట్టుకున్న బంట్రోతులాగా. పిట్టలు ఆ టోపీ కోసమే మొలకను కొరుకుతాయని రెండో రోజే తెలిసింది. ఇంట్లో ఉన్న చిల్లు బుట్టలన్నీ, పెద్దయ్య జీతగాడి పెళ్లాం వీరమ్మ దగ్గర అడిగి తెచ్చిన పాత గంపలన్నీ వాటి మీద బోర్లించింది. గుంటకు రెండు లేచిన చోట బలహీనమైన దాన్ని గిల్లేసింది. గిల్లేటప్పుడు ప్రతిసారీ చెయ్యి ఆగింది. కానీ ఆగితే రెండూ పోతాయి.

శివరాత్రికి మొక్కలు జానెడయ్యాయి. ఆ రోజే చుట్టూ రేగుకంప పరిచి, వెనక వైపు వెదురు తడిక కట్టింది. మరునాడు ఉదయం పెద్దయ్య మంద వచ్చి కంప ముందు ఆగింది. మంద వెనక జీతగాడు జీవానందం, వాడి వెనక పెద్దయ్య.

"ఏందిది?" అన్నాడు పెద్దయ్య.

"పైరు మామా."

ఆయన కంప మీదుగా తొంగి చూశాడు. "ఏం పైరు?"

"పొద్దుతిరుగుడు."

పెద్దయ్య జీవానందం వైపు తిరిగి నవ్వాడు. "విన్నావురా. గిద్దలూరు స్టేషన్లో చూసినా ఆ పువ్వు. కొప్పులో పట్టదు, పూజకు పనికిరాదు. పువ్వుకు కంప వేసిందంట."

ఆ సాయంత్రమే చావడిలో పంచాయతీ. జీవాలున్న ఇళ్ల పెద్దలంతా వచ్చారు. వాళ్లలో సగం మంది పెద్దయ్యకు వియ్యం, మిగతా సగానికి ఆయనంటే భయం.

"పైరంటే తినేది," అన్నాడు పెద్దయ్య. "జొన్న పైరు. కంది పైరు. ఆముదం తినం, కానీ దీపం వెలిగిస్తాం, అదీ పైరే. బంతి పైరు అంటామా? చామంతి పైరు అంటామా? రేపు ప్రతి ఆడదీ నాలుగు పూల మొక్కలేసి పైరు అంటే మంద ఆకాశంలో నడవాలె."

"పూలు కాదు మామా, గింజ కాస్తాది. నేను తిని చూసినా."

"నువ్వు తింటే అయిపాయనా? చిలక తినేదంతా పైరేనా?"

చావడి నవ్వింది. సుబ్బరత్నమ్మ గొంతు తగ్గలేదు. "అయితే ఏం చేస్తే ఒప్పుకుంటావో నువ్వే చెప్పు. ఊరందరూ వింటుండారు."

నవ్వు మీదున్న మనిషికి మాట జారుతుంది. పెద్దయ్య మీసం మీద చెయ్యి వేశాడు. "ఈ ఊళ్లో జీవాలు గలవాళ్లలో ఒక్కరితో, ఒక్కరితో చాలు, నీది పైరని నోటితో అనిపించు. నా మంద గుట్ట చుట్టూ తిరిగి పోతాది. ఉగాది ముందరి కొత్త అమావాస్య దాకా గడువు. అనిపించలేకపోతే కంప నువ్వే తీసి, నువ్వే తడిక తెరిచి నా మందకు దారి ఇయ్యాలె."

"సరే," అంది సుబ్బరత్నమ్మ.

ఆ నెలంతా ఆమె గడపలు తొక్కింది. లక్ష్మీనరసయ్య ఇంటికి పోతే ఆయన తల గోక్కున్నాడు. "నాకు పైరులాగే కనపడతాది చెల్లీ. కానీ నా చేలోకి నీళ్లు పెద్దయ్య కాలువలో నుంచి రావాలె." ఆదినారాయణ ఇంటికి పోతే లేడనిపించాడు. లోపల దగ్గు వినపడుతూనే ఉంది. జీవాలు గలవాళ్లు గుండ్లపాయలో పన్నెండిళ్లు. పన్నెండు గడపల దగ్గరా ఆమెకు మజ్జిగ ఇచ్చారు, మాట ఇవ్వలేదు.

మొక్కలు మాత్రం ఎవరి మాట కోసమూ ఆగలేదు. నడుము దాటాయి, భుజం దాటాయి. ఆకులు గరుకు తేలి, చెయ్యి తగిలితే గీరుకునేవి. ఫాల్గుణం సగమయ్యేసరికి మొగ్గలు పొద్దుతో పాటు తల తిప్పడం మొదలుపెట్టాయి. తర్వాత ఒక్కొక్కటే విచ్చుకుని, బరువెక్కి, తిరగడం మానేసి తూర్పు ముఖంగా నిలబడిపోయాయి. చిలకలు వచ్చాయి. పాత చీర చింపి కొన్నిటికి ముసుగులు కట్టింది. ఊళ్లో ఆడవాళ్లు కంప అవతల నుంచి చూసి పోవడం మొదలుపెట్టారు. ముందు నవ్వడానికి వచ్చారు. తర్వాత, "గింజ ఎప్పుడు గట్టి పడతాది వదినా?" అని అడగడానికి వచ్చారు.

పెద్దయ్యకు ఆ ప్రశ్న నచ్చలేదు. గడువు ఇంకా వారం ఉంది. వారంలో ఎవడో ఒకడు నోరు జారవచ్చు.

వీరమ్మ జీతగాడు జీవానందం భార్య. సుబ్బరత్నమ్మకు గంపలు ఇచ్చింది ఆమే. ఒక పొద్దున ముంతతో గంజి అడగడానికి వచ్చినట్టు వచ్చి, గడప మీద కూర్చుంది.

"అక్కా, నేను చెప్పినానని చెప్పొద్దు. రేపు మద్యానం పాలేటి తిరునాళ్లకు ఊరంతా పోతాది కదా. అప్పుడు మీ వెనక కంప తీసి మేకలను తోలమని మా ఆయనకు పెద్దయ్య చెప్పినాడు. కంప గాలికి పడిపోయింది, మేకలు వాటంతటవే దూరినాయి అని చెప్పాలంట. మొక్కలు లేకపోతే మాట దేని గురించి అని అన్నాడంట."

సుబ్బరత్నమ్మ లోపలికి పోయి ముంత నింపి తెచ్చింది. వీరమ్మ లేవలేదు. "కంప ఇంకో వరస వేస్తే? నేనూ సాయం పడతా. నాలుగు తుమ్మ కొమ్మలు కొట్టుకొస్తా."

"వేస్తే ఎల్లుండి తీస్తారు. ఎల్లుండి కాకపోతే ఆవలెల్లుండి."

"మరి?"

సుబ్బరత్నమ్మ పెరటి వైపు చూసింది. వెనక సాలు మొక్కలే అన్నిటికంటే ఎత్తు. నీళ్ల కాలువ మొదలు అక్కడే. వాటి తలలే అన్నిటికంటే పెద్దవి.

"వీరమ్మా, బందెలదొడ్డి తాళం ఇప్పుడు ఎవరి దగ్గర ఉండాది?"

"అల్లాబక్ష్ మామ దగ్గర. ఈ ఏడు వేలం ఆయనే పాడినాడు కదా. ఎందుకు?"

పైరు మేసిన జీవాలను కట్టేసే చోటు బందెలదొడ్డి. అక్కడ నుంచి విడిపించుకోవాలంటే గుండ్లపాయలో రుసుము ఒక్కటే చాలదు. జీవాల యజమాని దొడ్డి తలుపు ముందు నిలబడి, నష్టపోయిన మనిషి వింటుండగా, 'మా జీవాలు నీ పైరు మేసినాయి' అనాలి. ఆ మాట అన్నాకే తాళం తీయాలి. అది వినీ వినీ అందరికీ అలవాటైపోయింది, గుళ్లో గంట లాగా. దాన్ని ఎవరూ ఆలోచించరు. సుబ్బరత్నమ్మ ఆ క్షణంలో ఆలోచించింది.

"మీ ఆయనకు చెప్పు," అంది, "కంప తీయమన్న చోటే తీయమను. మేకలు లోపలికి పోయినాక ఆయన నీడ పట్టున కూర్చుని కునుకు తీయమను. కునుకు తీయొద్దని మామ చెప్పలేదు కదా."

మరునాడు మధ్యాహ్నం ఊరు ఖాళీ అయింది. సుబ్బరత్నమ్మ తిరునాళ్లకు పోతున్నట్టు ముందు తలుపుకు గొళ్లెం పెట్టి, సందు తిరిగి వచ్చి, వంటింటి గోడ చాటున గడ్డివామి వెనక కూర్చుంది. చేతిలో ఇంకో తడిక, పక్కన అవిశాకు మోపు.

కంప జరిగిన చప్పుడు వినపడింది. ముందు పోతు తల పెట్టింది. తర్వాత ఒకటి, రెండు, ఆపైన తోపులాట. మొదటి మేక ముందు కాళ్లెత్తి వెనక సాలు మొక్కను వంచింది. కాండం విరిగిన చప్పుడు ఆమెకు తన వేలి ఎముక విరిగినట్టు వినపడింది. లేవబోయి, చీర కుచ్చిళ్లు పిడికిట్లో పట్టుకుని కూర్చుంది. ఇప్పుడు లేస్తే నాలుగు మేకలు పారిపోతాయి, మిగతావి బయటే ఉన్నాయి. లోపలికి రానీ. ఇంకా రానీ. పసుపు రేకులు మేకల గడ్డాల మీద అతుక్కున్నాయి. పెద్ద తల ఒకటి నేల మీద పడితే రెండు మేకలు దాని కోసం కొట్టుకున్నాయి. నెలన్నర పాటు కడవలతో మోసిన నీళ్లు, గిల్లేటప్పుడు ఆగిన చెయ్యి, అన్నీ ఆ పళ్ల మధ్య నలుగుతున్నాయి. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి కానీ రెప్ప వేయలేదు. ఆమె చూస్తున్నది మొక్కలను కాదు, మేకల పొదుగులను.

ఆఖరి మేక దూరగానే లేచి, తడిక గండికి అడ్డం పెట్టింది. అవిశాకు మోపు మూలకు విసిరింది. మేకలు మొక్కలు వదిలి అటు పరిగెత్తాయి. అప్పుడు తడిక కొంచెం తెరిచి, పోతునూ, గొడ్డు మేకలనూ, చిన్న వాటినీ ఒక్కొక్కటే బయటికి తరిమింది. పొదుగులు నిండి, ఇంటి దగ్గర పిల్లలున్న పాడి మేకలను మాత్రం లోపలే ఉంచింది.

అవతల వేప నీడలో జీవానందం తువ్వాలు మొహం మీద వేసుకుని పడుకుని ఉన్నాడు. తువ్వాలు అంచు కదిలింది. నవ్వుతున్నాడో, గాలో ఆమె అడగలేదు.

పాడి మేకలను నడివీధిలోనే తోలుకుంటూ బందెలదొడ్డికి పోయింది. తిరునాళ్లకు పోలేని ముసలివాళ్లు అరుగుల మీద నుంచి చూశారు. మేకల గడ్డాల మీద పసుపు రేకులు చూసి ఒక ముసలాయన, "పెళ్లికి పోతుండాయా అమ్మా?" అన్నాడు.

"విడిదికి, తాతా."

అల్లాబక్ష్ మేకలను చూశాడు, ఆమెను చూశాడు. "ఎవరివో తెలుసా అమ్మా?"

"నీకు తెలీదా?"

"తెలుసు గనకే అడుగుతుండా. వేలం పెట్టింది ఆయనే, పాడింది నేను." గడ్డం నిమురుకున్నాడు. "కానీ ఒకరికి ఊరికే తలుపు తీస్తే రేపు ఊరంతా ఊరికే తీయమంటాది. నా ఖర్చు ఎవరు పెట్టుకుంటారు? లోపలికి తోలు."

సాయంత్రానికి తిరునాళ్ల బండ్లు తిరిగి వచ్చాయి. పెద్దయ్య బండి దిగకుండానే కబురు అందింది. ఆయన నేరుగా బందెలదొడ్డికి వచ్చాడు, వెనక సగం ఊరు. సుబ్బరత్నమ్మ తలుపు పక్కన గోడకు ఆనుకుని నిలబడి ఉంది. దొడ్డిలో మేకలు పొదుగు బరువుకు అరుస్తున్నాయి. అటు పెద్దయ్య ఇంటి వైపు నుంచి గంపల కింద మేకపిల్లలు అరుస్తున్నాయి. రెండు అరుపుల మధ్య ఊరు నిలబడింది.

పెద్దయ్య రుసుము అల్లాబక్ష్ చేతిలో పెట్టాడు. "తీయి."

"మాట, అన్నా."

"ఏం మాట?"

"అందరూ అనే మాటే. 'మా జీవాలు నీ పైరు మేసినాయి.' రత్నమ్మ వింటుండాది, అను, తీస్తా."

పెద్దయ్యకు అప్పుడు అర్థమైంది. సుబ్బరత్నమ్మ వైపు చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు.

"నా మేకలు పువ్వులు మేసినాయి," అన్నాడాయన.

"పువ్వులకు వేరే మాట లేదన్నా, ఈ దొడ్డికి ఒకటే మాట."

"అయితే ఊరికే వదులు."

"ఊరికే వదలాలంటే ఈమె తోలింది తప్పని తేలాలె. మేకలు ఏమీ మేయలేదని తేలాలె. గడ్డాలు చూడు, పసుపు బట్టలు కట్టుకున్న సాధువుల లాగుండాయి."

ఎవరో కిసుక్కున నవ్వారు. పెద్దయ్య జీవానందం మీద విరుచుకుపడ్డాడు. "నువ్వేం చేస్తుండావురా?"

"కంప తీయమన్నావు, తీసినా," అన్నాడు జీవానందం నేల చూస్తూ. "తడిక పెడతాదని నువ్వు చెప్పలేదు."

నవ్వు ఆగిపోయింది. కంప గాలికి పడలేదని అందరూ విన్నారు. పెద్దయ్య పక్కనున్న వాడి చేతిలో కర్ర లాక్కుని తాళం వైపు నడిచాడు. అల్లాబక్ష్ కదల్లేదు. "తాళం పంచాయతీదన్నా. ప్రెసిడెంటువి నువ్వే. నీ తాళం నువ్వు పగలగొడితే నేనేం చేస్తా. పగలగొట్టు."

కర్ర గాలిలో ఆగింది. సగం ఊరి ముందు ఆగింది.

"రేపు చూద్దాం," అన్నాడు పెద్దయ్య. "ఒక రాత్రికి మేకలు చావవు."

"మేకలు చావవు. పిల్లలు చస్తాయి," అంది ఒక గొంతు.

జనం పక్కకు తప్పుకున్నారు. పెద్దయ్య భార్య పద్మమ్మ రెండు చంకల్లో రెండు మేకపిల్లలతో వచ్చింది. తిరునాళ్ల పూలు ఇంకా తల్లో ఉన్నాయి. పిల్లలు ఆమె రవిక అంచు చీకుతున్నాయి.

"నువ్వెందుకు వచ్చినావే?" అన్నాడు పెద్దయ్య.

"పాలకు. ఏందంట మాట? నేనంటా."

"యజమాని అనాలె."

"మేకలు ఎవరివి? రాచర్ల నుంచి నేను కాపురానికి వచ్చినప్పుడు నా వెంట నడిచొచ్చిన మేకల సంతానం కాదా ఇవి? నువ్వు కొన్న మేక ఒక్కటి చూపించు ఈ దొడ్డిలో." ఆమె చుట్టూ చూసింది. "నువ్వు కొన్నది పోతు ఒక్కటే. అది నీ వెనకే నిలబడుకోనుండాది."

నిజంగానే నిలబడి ఉంది, నోట్లో పసుపు రేకుతో. ఈసారి లక్ష్మీనరసయ్య కూడా నవ్వాడు. నీళ్ల కాలువ గుర్తొచ్చి ఆపుకోబోయాడు, ఆగలేదు.

"పద్మా, ఆ మాట అన్నావంటే దారి పోతాది," అన్నాడు పెద్దయ్య గొంతు తగ్గించి.

"గుట్ట చుట్టూ నడిస్తే మేకలకు కాళ్లు అరగవు. నడిపించేది నువ్వు కాదు కదా." పద్మమ్మ సుబ్బరత్నమ్మ ముందుకొచ్చి నిలబడింది. ఇద్దరి మధ్యా మేకపిల్ల తల. "ఏమ్మే, పాడి మేకలనే ఏరి తోలినావు. ఎవరొస్తారో తెలిసే తోలినావు."

"తెలిసే తోలినా అత్తా."

"నా పిల్లలను ఆకలికి ఏడిపించినావు. అది మనసులో పెట్టుకుంటా."

"పెట్టుకో అత్తా. వెనక సాలు ఒక్క మొక్క మిగల్లేదు, నేనూ పెట్టుకుంటా."

పద్మమ్మ ఆమె మొహం ఒక్క క్షణం చూసింది. తర్వాత ఊరంతా వినేటట్టు, పొలంలో పిలిచే గొంతుతో అంది. "మా జీవాలు నీ పైరు మేసినాయి."

అల్లాబక్ష్ తాళం తీశాడు. మేకలు తోసుకుంటూ వచ్చాయి. పద్మమ్మ అక్కడే, దుమ్ములోనే గొంతుక్కూర్చుని పిల్లలను పొదుగులకు వదిలింది. జీవాలు గలవాళ్లలో ఒక్కరు. అమావాస్యకు ఇంకా ఆరు రోజులుండగా.

పెద్దయ్య కర్ర దాని సొంతదారు చేతిలో పెట్టాడు. ఓడిన మనిషి ఊరికే పోడు. సుబ్బరత్నమ్మ ముందుకొచ్చి ఆగాడు.

"పైరే. ఒప్పుకుంటుండా. పైరంటే కోతకొస్తాది కదా కోడలా? వైశాఖం నడిమికి తలలు కోస్తావు. ఏరువాక జ్యేష్ఠంలో. కోసిన మరునాడు నేల ఖాళీ. ఖాళీ నేలకు కంప లేదు. నా మంద నీ తడిక ముందర ఉంటాది. మూడో వేసవి మూడో వేసవే."

 అది కూడా ఊరి కట్టుబాటే. అల్లాబక్ష్ తాళం చెవి నడుముకు దోపుకుంటూ నేల చూశాడు. వీరమ్మ చెయ్యి నోటికి పోయింది. ఈ సంగతి సుబ్బరత్నమ్మ ఆలోచించలేదు. నెల రోజులుగా ఒక్క మాట కోసం తిరిగిన మనిషికి ఆ మాట తర్వాత వచ్చే రోజులు కనపడలేదు.

కానీ ఆమె మొహంలో అది ఎవరికీ కనపడలేదు.

"కోసేనాటికి కింద రెండో పైరు మోకాలెత్తు ఉంటాది మామా," అంది. "సాళ్ల నడుమ గింజలు నిన్ననే నాటినా. పైదాని నీడలో కిందది పెరుగుతాది. వచ్చి చూసుకో, కంప ఇవతల నుంచి."

పెద్దయ్య ఆమెను కళ్లు చికిలించి చూశాడు. ఏదో అనబోయాడు. పద్మమ్మ దుమ్ములో నుంచి, "ఇంక చాల్లే, వచ్చి ఈ పిల్లను పట్టుకో," అంది. ఆయన వంగి మేకపిల్లను ఎత్తుకున్నాడు.

సుబ్బరత్నమ్మ నెమ్మదిగానే నడిచింది, వీధి మలుపు తిరిగేదాకా. తిరిగాక కుచ్చిళ్లు ఎగ్గట్టి పరిగెత్తింది. వీరమ్మ ఆమె వెనకే వచ్చేసరికి పెరట్లో మోకాళ్ల మీద ఉంది. గిద్దలూరు గింజల్లో మిగిలిన గుప్పెడు కొంగులో. విరిగిన కాండాలను పక్కకు నెట్టి, నిలిచిన సాళ్ల మధ్య వేలితో గుంట చేస్తూ, రెండేసి గింజలు జారవిడుస్తూ, మట్టి కప్పుతూ ముందుకు పోతోంది. నానబెట్టే తీరిక లేదు. పొద్దు గూట్లో పడటానికి ఇంకా బారెడు ఉంది.

"నిన్ననే నాటినానంటివే అక్కా," అంది వీరమ్మ ఆయాసపడుతూ.

"నిన్నటివి మొలవలేదనుకో." సుబ్బరత్నమ్మ తల ఎత్తలేదు. "ఇయ్యాల మళ్లీ పెడుతుండా. ఆ కడవ ఇట్ల అందుకో. కాళ్లకు పొయ్యి, ఆకులకు కాదు."